పాత రిస్ట్‌వాచ్ డయల్ అసలుదేనా? వరుసగా చూసి తేల్చుకునే పద్ధతి

"ఈ డయల్ ఒరిజినలా, మళ్ళీ రంగు వేసిందా?" పాత వాచీలు కొనేవాళ్ళు మాటిమాటికీ అడిగే ప్రశ్న ఇది. ఒక్క ఫోటో చూసి అవునో కాదో చెప్పేయమంటారు. అలా చెప్పగలిగే డయళ్ళూ ఉంటాయి, కానీ అవి ఎవరు చూసినా దొరికిపోయే నాసిరకం నకిలీలు. మిగతావాటికి ఓపిగ్గా ఒక వరుసలో చూసుకుంటూ రావాలి.

డయల్‌ను ఎప్పుడూ విడిగా చూడకండి. డయల్ మీది రాత, చీకట్లో మెరిసే లూమ్, ముళ్ళు, కేసు (వాచీ పై తొడుగు) నంబరు, లోపల వాచీని నడిపే యంత్రం, అంటే మూవ్‌మెంట్, అన్నీ ఒకే కాలానికి చెందినవై ఉండాలి. వాటిలో ఏదైనా వేరే కాలానిదిగా కనిపిస్తే అక్కడే ఆగి కారణం వెతకాలి.

## 1. ముందు రకాలు వేరు చేసుకోండి

అసలుదా, నకిలీయా అని రెండే గడులు పెట్టుకుంటే జవాబు తప్పుతుంది. కనీసం నాలుగు ఉండాలి.

- ఫ్యాక్టరీ డయల్: వాచీతో పాటే వచ్చింది. పాతబడి ఉండొచ్చు గానీ ఎవరూ దాని మీద చెయ్యి పెట్టలేదు.
- సర్వీస్ డయల్: తయారుచేసింది కంపెనీయే. కాకపోతే ఏళ్ళ తర్వాత సర్వీసులో పాతది తీసి ఇది బిగించారు.
- రీడయల్: డయల్ లోహపు పలక అసలుదే. పాత పూత గీకేసి, కొత్త రంగు వేసి, అక్షరాలు మళ్ళీ అచ్చు వేశారు.
- నకిలీ: పలకతో సహా అంతా బయట తయారైంది.

ఇవి కాక రెండు మధ్యరకాలు కూడా ఉన్నాయి. ఒకటి, అసలు డయలే గానీ లూమ్ మాత్రం కొత్తగా పూసింది. రెండోది, అసలు డయలే గానీ వేరే వాచీ నుంచి తెచ్చి పెట్టింది. ఈ రెండో రకాన్ని పట్టుకోవడమే అన్నిటికంటే కష్టం. డయల్‌ను ఎంత పరీక్షించినా తప్పు కనపడదు, ఎందుకంటే తప్పు డయల్‌లో లేదు.

## 2. వాచీ చేతికి రాకముందే చేసుకోవాల్సిన పని

నిజానికి సగం పని ఇక్కడే అయిపోతుంది. కేసు మీదున్న రిఫరెన్స్ నంబరు (మోడల్‌ను చెప్పేది), సీరియల్ నంబరు అడిగి తెలుసుకోండి. అదే రిఫరెన్స్, దాదాపు అదే సీరియల్ వరుసలో ఉన్న వాచీల ఫోటోలు వేర్వేరు చోట్ల నుంచి సేకరించండి. ఒకే అమ్మకందారు పెట్టిన పది ఫోటోల కంటే, సంబంధం లేని నలుగురు పెట్టిన నాలుగు ఫోటోలు మేలు. మీరు నమూనాగా పెట్టుకున్న వాచీయే రీడయల్ అయితే, ఆ తర్వాత చూసేదంతా తప్పుతుంది.

దగ్గర ఉండాల్సినవి:

- 10 రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం
- యూవీ టార్చ్
- దగ్గరి ఫోటోలు బాగా వచ్చే ఫోన్ లేదా కెమెరా
- పక్కకు వంచి వెలుతురు వేయగలిగే దీపం
- పూర్తిగా చీకటి చేసుకోగల గది
- వీలైతే గైగర్ కౌంటర్ (రేడియోధార్మికతను పసిగట్టే పరికరం)

రేడియం విషయంలో జాగ్రత్త. 1960లకు ముందు వచ్చిన లూమ్ డయళ్ళలో చాలావరకు రేడియం అనే రేడియోధార్మిక పదార్థం ఉంటుంది. రేడియం-226 అర్ధాయువు (సగానికి తగ్గడానికి పట్టే కాలం) దాదాపు 1600 ఏళ్ళు, అంటే అది ఇప్పటికీ దాదాపు అంతే బలంగా ఉన్నట్టు. మెరుపు పోయింది కదా అని ప్రమాదం పోలేదు. మెరుపు పోవడానికి కారణం అందులోని మెరిసే పదార్థం, జింక్ సల్ఫైడ్, పాడైపోవడమే. అలాంటి వాచీ అద్దం మీరే తీయకండి, లూమ్‌ను గోకి చూడకండి, నోటితో ఊదకండి. పొడి పీల్చినా, నోట్లోకి వెళ్ళినా హాని. పైగా రేడియం నుంచి రేడాన్ వాయువు వస్తుంది కాబట్టి మూసిన పెట్టెలో ఎక్కువ వాచీలు కలిపి పెట్టకుండా గాలి ఆడే చోట ఉంచాలి.

## 3. మొదటి చూపు: భూతద్దం లేకుండా

వాచీని చెయ్యంత దూరంలో నిటారుగా పట్టుకుని చూడండి. 12, 6 గుర్తుల మధ్య ఒక గీత, 3, 9 మధ్య ఒక గీత ఊహించుకోండి. రెండూ సరిగ్గా ముళ్ళ కేంద్రంలో కలవాలి. నిమిషాల పట్టీలో ప్రతి అయిదో గీత గంట గుర్తు నడిమికి సూటిగా రావాలి. క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచ్ కూడా ఉన్న వాచీ) అయితే చిన్న డయళ్ళలోని వలయాలు వాటి ముళ్ళ చుట్టూ సమానంగా ఉండాలి.

రీడయళ్ళు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే. అతికించిన గుర్తులు పాతచోటే ఉంటాయి, వాటి చుట్టూ వేసిన అచ్చు మాత్రం వెంట్రుకవాసి పక్కకు జరుగుతుంది. మధ్యలో నిలువుగీత, అడ్డగీత ఉండే డయళ్ళలో ఆ గీత గుర్తు మధ్యలోకి కాకుండా అంచుకు తగిలితే దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

ఒక చిన్న హెచ్చరిక: ఉబ్బెత్తు ప్లాస్టిక్ అద్దం అంచుల దగ్గర అక్షరాలను వంచి చూపిస్తుంది. వాచీని కొద్దిగా అటూ ఇటూ తిప్పినప్పుడు వంకర కూడా కదిలితే అది అద్దం పనే.

## 4. అచ్చు చదవడం

ఇప్పుడు భూతద్దం తీయండి. ఇక్కడ తొందరపడకండి, ఎక్కువ సమయం పెట్టాల్సింది దీనికే.

అక్షరం అంచు చూడండి. మంచి ఫ్యాక్టరీ అచ్చు నిండుగా, అంచు పదునుగా, పూత మీద కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. చిన్న అక్షరాల లోపలి ఖాళీలు, అంటే ఇంగ్లిష్ ఏ, ఈ, ఆర్ లలోని సందులు, విడిగా కనిపిస్తాయి. రీడయల్‌లో ఈ సందులే ముందు పూడుకుపోతాయి. రంగు చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది ప్రింటర్‌లో తీసిన డయల్, ఇంకేమీ చూడనక్కర్లేదు.

అక్షరాల ఆకారం గురించి "ఫాంట్ తేడాగా ఉంది" అనుకుని వదిలేయకండి. కొలవండి. పై వరుసలోని ఒక అక్షరం నుంచి నిటారుగా కిందికి గీత దించి, అది కింది వరుసలో ఏ అక్షరం మీద పడుతుందో రాసుకోండి. నమూనా ఫోటోలలోనూ అదే చేయండి. పేరు చివరి అక్షరం ఎక్కడ ముగుస్తుంది, వరుసల మధ్య ఎంత ఖాళీ ఉంది, అక్షరాల చివర చిన్న ముక్కులు ఉన్నాయా లేదా అన్నవి కూడా చూడండి. ఇలా నాలుగైదు కొలతలు సరిపోలితే నమ్మకం కుదురుతుంది. ఒకటి తప్పినా, ఆ రిఫరెన్స్‌లో వేరే తయారీదారు చేసిన డయల్ రకం ఇంకోటి ఉందేమో చూసి మరీ తీర్పు చెప్పండి. ఒకే మోడల్‌కు ఇద్దరు ముగ్గురు డయళ్ళు సరఫరా చేయడం మామూలే.

నలుపు మీద బంగారు రంగు అక్షరాలు ఉన్న డయళ్ళకు వేరే పరీక్ష ఉంది. 1960ల నడిమి వరకూ రోలెక్స్ స్పోర్ట్స్ వాచీల్లో వచ్చిన ఈ డయళ్ళలో బంగారు అక్షరం పైన వేసిన రంగు కాదు. అక్షరం ఉండే చోట నలుపు పట్టకుండా వదిలేస్తే, కింది ఇత్తడే అక్షరంగా కనిపిస్తుంది. కాబట్టి పక్కవెలుతురులో చూస్తే ఆ అక్షరం నలుపు కంటే కిందున్నట్టు ఉంటుంది. బంగారు రంగు నలుపు మీద ఉబ్బెత్తుగా కూర్చుంటే అనుమానించండి. అదే డయల్‌లో ఒకటి రెండు వరుసలు వెండి రంగులో పైన అచ్చు వేసి ఉండటం మాత్రం తప్పు కాదు.

మోడల్‌ను బట్టి ఉండే ప్రత్యేక గుర్తులు ముందే నేర్చుకోవాలి. ఉదాహరణకు:

- రోలెక్స్ డేటోనాలో "పాల్ న్యూమన్" అని పిలిచే డయల్: సెకన్ల చిన్న డయల్‌లో 15, 30, 45, 60 అంకెలుంటాయి. మామూలు డేటోనాలో 20, 40, 60 ఉంటాయి. చిన్న డయళ్ళలోని గీతల చివర బుల్లి చదరాలు కూడా ఉండాలి. ధర తేడా భారీగా ఉండటంతో మామూలు డయల్‌కే ఈ వేషం వేస్తారు.
- ఎర్ర అక్షరాల రోలెక్స్ సబ్‌మెరైనర్ 1680: తొలి డయళ్ళలో నీటిలో తట్టుకునే లోతు ముందు మీటర్లలో, తర్వాతివాటిలో ముందు అడుగుల్లో ఉంటుంది. సీరియల్‌తో పోల్చి చూడాలి.
- ఒమేగా స్పీడ్‌మాస్టర్: రిఫరెన్స్ 145.012 వరకూ లోగో లోహపు ముక్క. 145.022తో అచ్చు లోగో స్థిరపడింది. మారే సమయంలో వచ్చిన వాచీల్లో పాతది కనిపించడమూ ఉంది.
- సీకో 6139: తొలి డయళ్ళలో నీటి రక్షణ గురించి "ప్రూఫ్" అనీ, తర్వాతివాటిలో "రెసిస్ట్" అనీ ఉంటుంది. వెనక మూత మీది మాటతో, సీరియల్‌తో కలవాలి.

## 5. 6 గుర్తు కింది చిన్న రాత

డయల్ అడుగున ఉండే ఆ బుల్లి అక్షరాలు కాలాన్ని చెబుతాయి. రీడయల్ చేసేవాళ్ళు చాలాసార్లు వదిలేసేది, లేదా తప్పు వేసేది కూడా ఇదే.

- "స్విస్" లేదా "స్విస్ మేడ్" మాత్రమే: లూమ్ లేని డయల్ కావచ్చు, రేడియం కాలంది కావచ్చు, 1998 తర్వాతి లూమినోవా (రేడియోధార్మికత లేని కొత్త రకం లూమ్) డయల్ కావచ్చు. ఈ మాట ఒక్కటే చూసి ఏదీ తేల్చలేం.
- "స్విస్"కు రెండు వైపులా "టీ": ట్రిటియం (రేడియం తర్వాత వాడిన, తక్కువ బలమైన రేడియోధార్మిక పదార్థం) లూమ్. 1960ల నుంచి 1990ల చివరి వరకూ.
- "టీ" పక్కన 25 కంటే తక్కువ అనే గుర్తు: ట్రిటియం 25 మిల్లీక్యూరీల (రేడియోధార్మికత కొలత) లోపే ఉందని అర్థం.
- చివర్లలో సిగ్మా గుర్తు: గంటల గుర్తులు, ముళ్ళు బంగారువని చెప్పడానికి 1970లలో వాడారు. 1960ల వాచీలో కనిపిస్తే డయల్ తర్వాత మార్చిందే.

జపాన్ వాచీల్లో ఇక్కడ కోడ్ ఉంటుంది. సీకోలో మొదటి నాలుగు అంకెలు మూవ్‌మెంట్ క్యాలిబర్, అంటే దాని రకం నంబరు. అవి లోపలి మూవ్‌మెంట్‌తోనూ, వెనక మూత మీది నంబరులోని మొదటి నాలుగు అంకెలతోనూ కలవాలి. తర్వాతి భాగం డయల్ కోడ్ కాబట్టి అది మూత నంబరుతో అచ్చంగా ఒకేలా ఉండనక్కర్లేదు. సీరియల్‌లో మొదటి అంకె సంవత్సరపు చివరి అంకె, రెండోది నెల. 71తో మొదలైతే 1967 జనవరి లేదా 1977 జనవరి. ఏ దశాబ్దమో మోడల్‌ను బట్టి తెలుస్తుంది. అసలు కోడే లేని సీకో డయల్ అయితే ముందు నకిలీ అనుకునే చూడండి.

## 6. లూమ్ పరీక్ష

మామూలు వెలుతురులో. డయల్ మీది లూమ్, ముళ్ళలోని లూమ్ పక్కపక్కన పోల్చండి. రంగు అచ్చంగా ఒకటే కాకపోవచ్చు, ఎందుకంటే పూసిన మందు మందం వేరు, కింది లోహం వేరు. కానీ ఒకటి ముదురు తేనె రంగులో, ఇంకొకటి తెల్లగా ఉంటే రెండింట్లో ఒకటి మార్చిందే. పాత లూమ్‌లో చిన్న చిన్న తేడాలుంటాయి. ఒక చుక్క కాస్త ముదురు, ఒకటి కాస్త లేత, అంచుల్లో సన్నటి పగుళ్ళు. పన్నెండు చుక్కలూ ఒకే తేనె రంగులో గచ్చు చేసినట్టు నున్నగా ఉంటే, పాతబడినట్టు కనిపించాలని రంగు కలిపి పూసిన లూమ్ అయ్యుండొచ్చు.

చీకట్లో, యూవీ టార్చ్‌తో. కాసేపు టార్చ్ వేసి ఆపేయండి. 1960ల, 70ల ట్రిటియం లూమ్ అయితే వెలుతురు పడుతున్నంతసేపు ఎంతో కొంత మెరిసి, ఆపగానే కొద్ది సెకన్లలో ఆరిపోతుంది. ట్రిటియం అర్ధాయువు 12.3 ఏళ్ళు. 60 ఏళ్ళలో దాదాపు అయిదుసార్లు సగమవుతుంది, అంటే మొదట ఉన్నదాంట్లో మిగిలేది 3 శాతం. పైగా మెరిసే పదార్థం కూడా పాడైపోయి ఉంటుంది. అలాంటి వాచీ టార్చ్ ఆపాక నిమిషాల తరబడి పచ్చగా మెరుస్తుంటే అది 1990లలో వచ్చిన లూమినోవా జాతి మందు. అంటే సర్వీస్ డయల్ లేదా కొత్త పూత.

ముళ్ళు ఒక తీరుగా, డయల్ ఇంకో తీరుగా ఆరిపోతే ఏది మార్చారో తేల్చండి. ముళ్ళు మాత్రమే మార్చి ఉంటే డయల్‌కు వచ్చిన దోషం ఏమీ లేదు.

గైగర్ కౌంటర్‌తో. రేడియం అద్దం లోంచి కూడా తెలుస్తుంది. ట్రిటియం కిరణాలు బలహీనం, అద్దం దాటవు. 1940ల వాచీ అంటూ లూమ్ చూపించి అమ్ముతుంటే, కౌంటర్ మౌనంగా ఉంటే ఆ లూమ్ తర్వాత వేసిందే. రేడియం ఇంత త్వరగా చల్లారదు. అయితే కౌంటర్ కొట్టుకున్నంత మాత్రాన లూమ్ అసలుదని చెప్పలేం. పాత మందు గీకేసినా దాని పొడి పలకకు అంటుకుని ఉంటుంది.

రేడియం కాల్చిన మచ్చ. ముళ్ళు ఏళ్ళ తరబడి ఒకేచోట ఆగిపోయి ఉంటే వాటి ఆకారంలో డయల్ మీద గోధుమ రంగు నీడ పడుతుంది. చాలామంది దాన్ని లోపం అంటారు. నేనైతే మచ్చ ఆకారం ఇప్పుడున్న ముళ్ళతో సరిపోలితే సంతోషిస్తాను. డయల్, ముళ్ళు చాలాకాలం కలిసే ఉన్నాయని చెప్పే సాక్ష్యం అది.

## 7. పూత, అంచులు, గుర్తులు

వెలుతురు పక్క నుంచి వేసి చూడండి. రీడయల్‌లో పూత మందంగా ఉండి గంటల గుర్తుల మొదళ్ళ దగ్గర పేరుకుంటుంది. తేదీ కిటికీ అంచులు, మధ్య రంధ్రం అంచు మొద్దుబారతాయి. చెక్కిన నగిషీ ఉన్న డయల్ అయితే గాడుల్లో రంగు నిండి నగిషీ చప్పబడుతుంది. కేంద్రం నుంచి కిరణాల్లా గీతలు పోయే డయళ్ళలో మళ్ళీ రుద్దిన గీతలు ముతకగా కనిపిస్తాయి. కొన్ని ఒమేగా డయళ్ళలో ఒక్కో గంట గుర్తు నడిమిన నల్లటి ఓనిక్స్ రాతి పట్టీ ఉంటుంది. అది ఊడిపోయి నల్లరంగు పూసి ఉంటే డయల్ మీద ఎవరో చెయ్యి పెట్టినట్టే.

ఎనామిల్ డయల్‌లో వెంట్రుక లాంటి పగుళ్ళు సహజం. యూవీ వెలుతురులో ఏదైనా ఒక చోటు మాత్రం వేరే రంగులో మెరిస్తే అక్కడ అతుకు వేశారు.

నలుపు గోధుమ రంగుకు తిరిగిన "ట్రాపికల్" డయళ్ళ దగ్గర రెండింతలు జాగ్రత్తగా ఉండండి. ఎక్కువ ధర వస్తుందని వేడి చేసి, ఎండబెట్టి ఈ రంగు తెప్పించేవాళ్ళున్నారు. డయల్ బయటకు తీయగలిగితే కేసు అంచు కింద దాగిన భాగం చూడండి. ఎండకు సహజంగా మారిన డయల్‌లో ఆ అంచు సాధారణంగా నల్లగానే మిగిలి ఉంటుంది. అక్షరాలు, లూమ్ కొత్తవాటిలా ఉండి పూత మాత్రం ముదిరి ఉంటే నమ్మకండి.

## 8. డయల్ వెనక వైపు

నమ్మకమైన వాచ్ రిపేరర్ మాత్రమే తీయాలి. తీసిన ప్రతిసారీ ప్రమాదం ఉంటుంది కాబట్టి, సర్వీసుకు ఎలాగూ ఇచ్చినప్పుడు ఫోటోలు అడిగి తీయించుకోవడం ఉత్తమం.

- డయల్ కాళ్ళు (డయల్‌ను మూవ్‌మెంట్‌కు బిగించే సన్నటి పుల్లలు) రెండూ ఉన్నాయా? విరిగి, జిగురు చుక్కలతో అతికించి ఉంటే ఈ మూవ్‌మెంట్‌కు చెందని డయల్ కావచ్చు.
- తయారీదారు ముద్ర ఉందా? రోలెక్స్, స్పీడ్‌మాస్టర్ డయళ్ళలో సింగర్, పాటెక్ ఫిలిప్ డయళ్ళలో స్టెర్న్ వంటి పేర్లు కనిపిస్తాయి.
- ముందువైపు రంగు అంచు దాటి వెనక్కి కారిందా?
- అంచున చిన్న గాటు ఉందా? అచ్చుకు సరిగ్గా నిలపడానికి రీడయల్ చేసేవాళ్ళు పెట్టుకునే గుర్తు కావచ్చు. ఫ్యాక్టరీ గాటు ఉండే మోడళ్ళూ ఉన్నాయి కాబట్టి నమూనాతో పోల్చండి.
- చేత్తో గీకిన అంకెలున్నాయా? డయళ్ళ గుంపులో ఏది ఏ వాచీదో గుర్తుకు గీస్తారు.
- గుర్తుల కాళ్ళు వెనక్కి వచ్చి నొక్కి ఉన్నాయా, జిగురుతో అతికించారా?

## 9. ఫోటోలు మాత్రమే ఉన్నప్పుడు

అమ్మేవారిని ఇవి అడగండి:

- నిటారుగా, మెరుపు పడకుండా తీసిన డయల్ ఫోటో
- పక్కవెలుతురులో ఒకటి
- 6 గుర్తు కింది రాత దగ్గరగా
- యూవీ టార్చ్ వేస్తూ, ఆపుతూ తీసిన చిన్న వీడియో
- మూవ్‌మెంట్, వెనక మూత లోపలి వైపు, సీరియల్

వీడియో మాత్రం తప్పకుండా అడగండి. ఫోటోలో మెరుపు ఉందో లేదో తెలుస్తుంది, ఎంతసేపు ఉందో తెలియదు. ఫోన్‌లోని ఫిల్టర్లు తెల్ల లూమ్‌ను తేనె రంగుకు మార్చేస్తాయి. కాబట్టి ఫోటోలో పక్కన తెల్ల కాగితం పెట్టమనండి.

## 10. తరచూ జరిగే పొరపాట్లు

మాసిపోతే అసలుదే అనుకోవడం. నీళ్ళు పడి పాడైన రీడయళ్ళూ ఉంటాయి. పాతదనం అచ్చుకు సాక్ష్యం కాదు, అచ్చు విడిగా చూడాలి.

శుభ్రంగా ఉంటే రీడయలే అనడం. ఎప్పుడూ పెట్టుకోకుండా పెట్టెలో ఉండిపోయిన వాచీలు ఉన్నాయి. కేసు, అద్దం, ముళ్ళు కూడా అంతే కొత్తగా ఉన్నాయా చూడండి. కేసు అరిగి, అంచులు గుండ్రబడి, డయల్ మాత్రం తళతళలాడితే అప్పుడు అనుమానించాలి.

పెట్టె, కాగితాలు చూసి నమ్మడం. సీరియల్ కలిస్తే ఆ కాగితాలు కేసుకో మూవ్‌మెంట్‌కో చెందినవని తెలుస్తుంది. డయల్ మారిందో లేదో అవి చెప్పవు.

డయల్ తుడిచి చూడడం. వద్దు. పాత పూత మీది అక్షరాలు తడి గుడ్డకే లేచిపోతాయి. అసలు డయల్‌ను పాడుచేయడానికి ఇంతకంటే తేలికైన దారి లేదు.

## 11. తీర్పు రాసుకోవడం

నోటితో అనుకోకుండా కాగితం మీద అయిదు వరుసలు రాయండి: అచ్చు, కింది రాత, లూమ్, పూత, మిగతా భాగాలతో పొత్తు. ప్రతిదాని ఎదుట "సరిపోయింది", "సరిపోలేదు", "చూడలేదు" అని మాత్రమే రాయండి. "బహుశా" అని రాసుకోవడానికి చోటు వదలకండి.

అచ్చు సరిపోలేదంటే మిగతా నాలుగూ బాగున్నా రీడయల్ లేదా నకిలీ. అచ్చు బాగుండి లూమ్ సరిపోకపోతే కొత్త లూమ్ లేదా సర్వీస్ డయల్. డయల్‌లో అన్నీ బాగుండి పొత్తు కుదరకపోతే వేరే వాచీ డయల్. రెండు కంటే ఎక్కువ చోట్ల "చూడలేదు" అని ఉంటే మీ దగ్గర ఇంకా తీర్పు లేదు.

అలాంటప్పుడు అమ్మేవారిని "డయల్‌కు రంగు వేయలేదు, లూమ్ మార్చలేదు, కాదని తేలితే వెనక్కి తీసుకుంటాను" అని రాసివ్వమనండి. ఇవ్వనంటే రీడయల్ ధరకే అడగండి. ఆ ధరకు ఇవ్వకపోతే వదిలేయండి.